‘తొమ్మిదో గేటు’ గురించి సరిత చెప్పిన మాట

పొద్దున అయిదు నలభైకి తొండుపల్లి మూలమలుపు దగ్గరికి స్టాఫ్ వ్యాను వస్తుంది. సరిత ఎక్కి, డ్రైవరు వెనక రెండో వరుసలో కిటికీ పక్కన కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీస్తుంది. ఎయిర్‌పోర్టు పార్కింగ్ దగ్గర దిగేసరికి పదకొండు పేజీలు అవుతాయి. హైవే మీద లారీలు ఆగిపోయిన రోజు పద్నాలుగు. ఆదివారం రోడ్డు ఖాళీగా ఉంటుంది కనుక తొమ్మిదే.

“బండి ఆగితే అందరు తిట్టుకుంటరు. నేనొక్కదాన్నే ఖుష్ అయిత,” అని ఒకసారి నాతో అంది.

పుస్తకానికి ఎప్పుడూ అట్ట వేసి ఉంటుంది. పాత క్యాలెండరు కాగితం, తెల్లవైపు బయటికి. లోపలి అసలు అట్ట మీద మండుతున్న నగరం, దాని ముందు జుట్టు ఎగురుతున్న ఒక అమ్మాయి, ఆమె వెనక నీడలాగా ఒక అబ్బాయి ఉంటారు. దాదాపు అన్నిటి మీదా అదే బొమ్మ. “ఆ బొమ్మ చూస్తే మా సూపర్‌వైజరు ‘ఇదేం చదువు’ అంటడు. తెల్ల కాగితం చూస్తే ‘పరీక్షకా?’ అంటడు. పరీక్ష అంటే మర్యాద ఉంటది టీచరమ్మా.”

టీచరమ్మను నేనే. శంషాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. సరిత వాళ్ల ఇంట్లో పైగదిలో రెండేళ్లుగా కిరాయికి ఉంటున్నాను. మొదట్లో నేను “సరిత గారూ” అని పిలిస్తే వాళ్లమ్మ తారాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. “మా సరితకు గారు తగిలిస్తివా? ఇగ ఇంట్ల గిన్నెలెవరు తోముతరు?” అనేది.

సరితకు ముప్పై ఏళ్లు. శంషాబాద్‌లో బీకాం చదివింది, తెలుగు మీడియం. డిగ్రీ చివరి ఏడు తండ్రి పోయాడు. అప్పటినుంచి ఎయిర్‌పోర్టు పార్కింగ్ బూత్‌లో పని. బయటికి వెళ్లే కార్లలో చాలావాటికి అద్దానికి అంటించిన ట్యాగు చూసి అడ్డుకర్ర దానంతట అదే లేస్తుంది. ట్యాగు పనిచేయని బండ్లు మాత్రం సరిత కిటికీ దగ్గర ఆగుతాయి. ఆమె స్లిప్పు తీసుకుని, డబ్బు తీసుకుని, మీట నొక్కుతుంది. పక్క బూత్‌లో కొండమ్మ కూర్చుంటుంది. ఇద్దరూ ఒకే వ్యానులో వస్తారు.

ఆమె చదివేవన్నీ ఒకే రకం నవలలు. రాబోయే ఏదో కాలంలో లోకం పాడైపోయి ఉంటుంది. మిగిలిన మనుషులను ఒక ప్రభుత్వం గోడల మధ్య పెట్టి, పదహారో ఏట పరీక్ష పెట్టి, రంగుల ప్రకారమో అంకెల ప్రకారమో విడదీస్తుంది. ఒక అమ్మాయి ఆ పరీక్షలో ఎక్కడా ఇమడదు. ఆమెకు ఇద్దరు అబ్బాయిలు తారసపడతారు. మూడు భాగాలు ముగిసేలోగా ప్రభుత్వం కూలాలి, ఇద్దరిలో ఒకరు మిగలాలి. ఇంగ్లీషులో వీటికి పొడుగాటి పేరుంది. సరిత వీటిని ‘గోడ పుస్తకాలు’ అంటుంది.

ఇవి ఆమెకు దొరికింది కిలోల లెక్కన పాత పుస్తకాలు అమ్మే ఒక ఎగ్జిబిషన్‌లో. కొండమ్మ కూతురికి డిక్షనరీ కొనడానికి తోడు వెళ్లి, తూకం సరిపోవడానికి ఒక సన్నటి పుస్తకం వేసుకుంది. దాన్ని ఫోన్లో అర్థాలు వెతుక్కుంటూ రెండున్నర నెలలు చదివింది. రెండోది ఇరవై రోజుల్లో అయింది. ఇప్పుడు వారం చాలు.

“ఇంగ్లీషు కష్టమైంది గని కథ కష్టం కాలె,” అంది. “గోడ, గేటు, మెడల పాసు, ఎవర్ని లోపలికి ఇడవాలె, ఎవర్ని ఇడవద్దు. నేను రోజు చేసే పనే గద.”

చదివినవాటి గురించి మొదట వ్యానులో చెప్పేది. తర్వాత కొండమ్మ కూతురు ఫోనులో ఒక పేజీ తెరిచిపెట్టింది. దాని పేరు కూడా ‘గోడ పుస్తకాలు’. అందులో సరిత ముఖం కనిపించదు. చాప మీద మూడు పుస్తకాలు, వాటిని తిప్పే చేయి, గొంతు. ఒక్కో వీడియో రెండున్నర నిమిషాలు. ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడుతుంది. ఇప్పుడు పదకొండు వేలమంది ఆమె చెప్పేది వింటున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆ పుస్తకాలు చదవరు. సరిత చెబితే చాలనుకుంటారు.

నేను ఎంఏలో రెండేళ్లు విమర్శ అనే పేపరు చదివాను. సరిత అడిగే ప్రశ్నలు అందులో లేవు. తిరుగుబాటుదారులు అడవిలో నాలుగు వందల మంది ఉన్నారు, మరి వంట ఎవరు చేస్తున్నారు? నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఆ గోడ కట్టకముందు ఆ జాగా ఎవరిది? ఇద్దరు అబ్బాయిల్లో తిన్న కంచం తనే కడుక్కున్నది ఎవరు? ఒక నవలలో మూడు భాగాలు వెతికినా ఇద్దరిలో ఎవరూ కంచం కడగలేదట. “పిల్లా, ఇద్దర్ని ఇడిసిపెట్టు. గా ముసలి డాక్టరమ్మతోని ఉండు, ఆమె మంచిది,” అని ముగించింది. దానికి నవ్వినవాళ్లు వేలల్లో ఉన్నారు.

తారాబాయికి మాత్రం ఇదంతా నచ్చదు. “పొద్దుగాల గోడ, పొద్దుమీకి గోడ. ఇంట్ల గోడకు సున్నమెయ్యిమంటె మాత్రం చెయ్యి లేవదు.”

సరితకు ఒక నియమం ఉంది. మూడు భాగాలూ చదివేదాకా నోరు విప్పదు. ఇది కొండమ్మ పెట్టించిన నియమం. మొదట్లో ఒక నవల మొదటి భాగం చదివి, అందులో అబ్బాయి బంగారమని వ్యానులో పొగిడింది. కొండమ్మ నెల రోజులు ఆ అబ్బాయి ఏం చేశాడో రోజూ అడిగి తెలుసుకుంది. మూడో భాగంలో వాడు అమ్మాయిని పట్టించాడు. కొండమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వ్యాను ఎక్కుతూనే, “వాడు మంచోడని నువ్వే గదనే చెప్పింది? నీ మాట పట్టుకొని నేను వానికి అల్లుని లెక్క మర్యాద చేస్తి,” అంది. వ్యానంతా నవ్వింది. సరిత నవ్వలేదు. అప్పటినుంచి మూడు పూర్తికాకుండా ఏ పుస్తకం గురించీ చెప్పలేదు, ఒక్కసారి తప్ప.

నిరుడు ఆగస్టులో ఆమెకు ఒక పార్సిల్ వచ్చింది. అందులో ‘తొమ్మిదో గేటు – మొదటి భాగం’ అనే తెలుగు నవల, దానితో ఒక ఉత్తరం. రాసినమ్మాయి పేరు ప్రియదర్శిని. ఇరవై మూడేళ్లు, మహేశ్వరం దగ్గర ఊరు. “అక్కా, మీవి అన్నీ విన్నాను. వాటిని విని ధైర్యం చేసి నేనూ ఒక గోడ పుస్తకం రాశాను. మొదటి భాగం మూడు వందల కాపీలు వేశారు. ఇవి పోతేనే రెండోది వేస్తామన్నారు. మీరు దీని గురించి చెప్పాలి,” అని ఉంది.

సరిత ఆ పుస్తకాన్ని వ్యాను కోసం ఉంచలేదు. సెలవు రోజు మెట్ల మీద కూర్చుని పొద్దున మొదలుపెట్టి, చీకటి పడేలోగా పూర్తిచేసింది. తర్వాత నాకిచ్చింది. కథ ఇది. ఎండిపోయిన దేశంలో నగరం తన చుట్టూ గోడ కట్టుకుని, ఏడాదికొకసారి దాన్ని బయటికి జరుపుతుంది. గోడకు దారిలో ఉన్న ఊళ్లు వేలిముద్రలు వేసి లేచిపోవాలి. మైసక్క అనే పిల్ల ఊరి వంతు వస్తుంది. ఆమె తండ్రి పొద్దున వచ్చిన అధికారులకు మధ్యాహ్నంలోగా వేలిముద్ర వేసేస్తాడు. మైసక్క కోపంతో ఇల్లు వదిలి తొమ్మిదో గేటు చేరుతుంది. అక్కడ కాపలా కుర్రాడు ఆమెను లోపలికి వదలడు, అలా అని వెళ్లిపొమ్మనీ అనడు. గేటు కడ్డీల మధ్య మాట్లాడుకుంటూనే వాళ్ల ప్రేమ మొదలవుతుంది.

“ఎట్లుంది?” అంది సరిత.

“బాగుంది. మిగతా రెండూ రానివ్వండి, అప్పుడు చెబుదురు గాని.”

“మొదటిదాని మీద మాట రాకపోతే రెండోది అచ్చెయ్యరట. పిల్ల అడిగింది గద టీచరమ్మా. అడిగినంక కూడ గమ్మునుంటే అది నియమం కాదు, పొగరు.”

ఆ ఆదివారమే రికార్డు చేసింది. రెండు నిమిషాలు మెచ్చుకుంది. గేటు దగ్గరి మాటలను, వంట సంగతి మరిచిపోని రచయిత్రిని, మైసక్క నడకను మెచ్చుకుంది. చివరి అర నిమిషం ఇలా ఉంది: “ఒక్క తాన నాకు నమ్మకం కుదరలె. ఏ నాయినైనా ఒక్క పూటల వేలిముద్ర ఏస్తడా? మా తాత భూమి గిట్లనే పోయింది. రెండు ఎండాకాలాలు ఆయన పెట్టనన్నడు. సంతకం పెట్టిన దినం బువ్వ తినలె. ఈ పుస్తకంల నాయిన పెట్టి, చెయ్యి తుడుసుకొని, అన్నం తిన్నడు. ఊరు లేచుడు ఎన్నడు చూడనోళ్లు రాస్తే గిట్లనే ఉంటది.”

అంతవరకు ఆమె చెప్పినవేవీ పదివేలు దాటలేదు. ఇది వారంలో లక్ష దాటింది. రెండు నిమిషాల మెప్పును ఎవరూ పట్టించుకోలేదు. చివరి మాటనే కోసి, పంచుకున్నారు. ఎయిర్‌పోర్టు చుట్టూ, మహేశ్వరం వైపు, భూములు పోయినవాళ్లు, అమ్ముకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు కింద రాయడం మొదలుపెట్టారు. మా నాయిన కూడా ఏడ్చాడని ఒకరు, మా పెదనాన్న తలుపు తీయలేదని ఒకరు. మధ్యలో రచయిత్రి మీద మాటలు. సిటీ పిల్ల. ఏసీ గదిలో కూర్చుని రాసింది. పాత్రకు పల్లెటూరి పేరు పెట్టుకుంటే పల్లె తెలుస్తుందా. సరిత వాటికి జవాబు రాయలేదు. జవాబు రాయడం ఆమెకు అలవాటు లేదు. ప్రియదర్శిని పేజీ పది రోజులకు కనిపించకుండా పోయింది. సరిత పంపిన రెండు మెసేజీలకు జవాబు రాలేదు.

“పిల్లకు కోపమొచ్చినట్టుంది. పుస్తకం రాసినప్పుడు మాట పడాలె,” అంది నాతో. కానీ ఆ వారమంతా వ్యానులో కొత్త పుస్తకం తీయలేదని కొండమ్మ చెప్పింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం సరిత కిటికీ దగ్గర ఒక తెల్ల క్యాబ్ ఆగింది. ట్యాగు పనిచేయలేదు. డ్రైవరుకు యాభై అయిదేళ్లుంటాయి, నెరిసిన మీసం.

“ట్యాగు వస్తలేదన్నా. జర స్లిప్ ఇయ్యండి,” అంది సరిత.

ఆయన స్లిప్పు ఇవ్వలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. “ఇంకోపారి మాట్లాడు బిడ్డా.”

“స్లిప్ అన్నా. స్లిప్ లేదా?”

“గోడ పుస్తకాల సరితవు నువ్వే గద? గొంతు గుర్తువట్టిన.” స్లిప్పు అందించాడు. “మా పిల్ల పుస్తకం మీద నువ్వు చెప్పింది మస్తుసార్లు ఇన్న. నా పేరు మొగులయ్య. గా ఒక్క పూటల వేలిముద్ర ఏసినోన్ని నేనే.”

వెనక రెండు కార్లు హారన్ కొట్టాయి. సరిత చేయి మీట మీదే ఉంది గాని నొక్కలేదు. పక్క బూత్ నుంచి కొండమ్మ అరిచింది: “ఏందే, పండుకున్నవా?”

సరిత మీట నొక్కి, “జర ముంగట పక్కకు ఆపు బాపూ, వస్త,” అంది. కొండమ్మకు అయిదు నిమిషాలు చూసుకొమ్మని చెప్పి బయటికి వెళ్లింది. పని వేళలో బూత్ వదిలి వెళ్లడం ఆమెకు అదే మొదటిసారి.

మొగులయ్య కారు దిగి నిలబడ్డాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే తనను ఎక్కువ భయపెట్టిందని సరిత తర్వాత నాతో చెప్పింది.

“మీ తాత రెండేండ్లు గుంజిండంటివి. నిజమే కావొచ్చు. మీ దిక్కు ఊరంత ఒక్క మాట మీద ఉండె. మా దిక్కు గవర్నమెంటు గాదు, ప్లాట్లోళ్లు వచ్చిండ్రు. పొద్దున పది గంటలకు. అటు పక్కోడు అప్పటికే ఇచ్చిండు. ఇటు పక్కోడు వాళ్లతోనే కూసున్నడు. వాళ్లు రాతి కడీలు పాతి తీగ గుంజితే నా చేనుకు బాటేది బిడ్డా? ఎడ్లను నెత్తి మీద ఎత్తుకొని పోవాల్నా? అర్ధ గంట ఆలోచన చేసిన. పెట్టిన. ఇంటికి పోయి బువ్వ తిన్న. ఆకలైంది, తిన్న.”

“గిది ప్రియదర్శినికి తెలుసా?”

“అది అడగలె. నేను చెప్పలె. అప్పుడు ఇంటర్ చదువుతుండె. కాలేజీకెల్లి వచ్చేటాల్లకు చేను లేదు. వారం దినాలు నాతోని మాట్లాడలె. మళ్ల మాట్లాడింది గని గా ముచ్చట ఇద్దరం తియ్యలె.” ఆయన కారు అద్దం మీది దుమ్ము చేత్తో తుడిచాడు. “నాకు రాతలు గీతలు తెల్వది. గని రాసేటప్పుడు అది మంచిగుండె. పొద్దున చాయ్ పెట్టుకుంట తనలో తనే మాట్లాడుకుంటుండె, నవ్వుతుండె. ఇప్పుడు గమ్మున డ్యూటీకి పోతది, గమ్మున వస్తది. రాసుడు బంద్ పెట్టింది. నేను చెప్తే ఇనదు. నువ్వు చెప్పినంకనే బంద్ పెట్టింది గాబట్టి, నువ్వే ఒక్క మాట చెప్పు.”

ఆ సాయంత్రం సరిత మెట్ల మీద నా పక్కన కూర్చుని ఇదంతా చెప్పింది. వీడియో తీసేస్తే సరిపోతుంది కదా అన్నాను.

“తీసేస్తే నేను అననట్టయితది. అన్న గద. లక్షమంది ఇన్నరు, వాళ్ల చెవులకెల్లి ఎట్ల తియ్యాలె?” మళ్లీ తనే అంది: “ఆమె పుస్తకం ఆగిపోతే నాతోనే ఆగిపోయినట్టు. నేను చదువుకునేదాన్ని టీచరమ్మా. పుస్తకాలు ఆపేదాన్ని గాదు.”

సరితకు మంగళవారం సెలవు. ఆ మంగళవారం నేనూ కాలేజీకి సెలవు పెట్టాను, మొగులయ్య చెప్పిన గుర్తులతో ఇద్దరం రాజేంద్రనగర్ వెళ్లాం. ప్రియదర్శిని వ్యవసాయ విశ్వవిద్యాలయం దగ్గర ఒక ప్రైవేటు విత్తనాల ల్యాబులో పనిచేస్తోంది. తడి కాగితాల మీద వంద గింజలు పేర్చి, ఎన్ని మొలిచాయో రాసిపెట్టే పని. మధ్యాహ్నం భోజనం వేళకు బయటికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. రోడ్డు పక్క చెరుకురసం బండి దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం.

“మూడో భాగం దాకా నోరు ఇప్పనంటవు గద అక్కా. నా ఒక్కదాని కాడికే తొందరైనట్టుంది,” అంది.

“నువ్వే అడిగినవ్ గద చెల్లె.”

“చెప్పుమని అడిగిన. ఊరు చూడనిదాన్నని చెప్పుమన్ననా?”

“తప్పే. గది చెప్తానికే వచ్చిన.”

“వీడియో తీసేస్తవా?”

“తియ్య.”

ప్రియదర్శిని మొదటిసారి సరితను సరిగ్గా చూసింది. “మంచిది. తీసేస్తనంటే లేచి పోతుంటి.”

చెరుకురసం వచ్చింది. సరిత గ్లాసు ముట్టుకోకుండానే అడిగింది: “రెండో భాగం ఏమైంది? చింపేసినవా?”

“సినిమా అనుకున్నవా అక్కా, చింపి మంటల ఏస్తానికి? ఫోన్ల ఉన్నది. రెండు వందల పేజీలు.”

“మరి అచ్చుకు ఇయ్యవా?”

ప్రియదర్శిని గ్లాసు పక్కకు జరిపింది. “నువ్వన్న మాటకు నాకు మస్తు కోపమొచ్చింది. మా ఊరి ముచ్చట నాకు తెల్వదంటదా అని. ఆ కోపంల రెండో భాగం తీసి మళ్ల చదివిన. అందుల మైసక్క నాయిన పైసలకు ఆశపడి వేలిముద్ర ఏసిండని రాసిన. రెండు వందల పేజీలల్ల ఆ మనిషి ఒక్క మాట మాట్లాడడు. ఎందుకు మాట్లాడడంటే, ఏం మాట్లాడుతడో నాకు తెల్వది. ఒక్క పూటల పెట్టిండనేది నేను చూసిన. ఎందుకు పెట్టిండో నాకే తెల్వది. తెల్వనిది ఎట్ల అచ్చెయ్యాలె?”

ఎందుకో సరితకు తెలుసు. నాకూ తెలుసు. ఒక్క వాక్యం చెబితే అయిపోతుంది. ఆ పిల్ల ఇంటికి వెళ్లి సాయంత్రమే రాయడం మొదలుపెట్టవచ్చు. సరిత గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆమె చెప్పేస్తుందనే అనుకున్నాను.

“మీ బాపు నన్ను కలిసిండు,” అంది.

“ఎక్కడ?”

“నా బూత్ కాడ. ఎందుకు పెట్టిండో చెప్పిండు.”

ప్రియదర్శిని ముఖం ఎర్రబడింది. “నీకు చెప్పిండా? ఆరేండ్ల సంది నాకు చెప్పనిది, పార్కింగ్ కాడ నీకు చెప్పిండా?”

“నేను ఆయన మీద లక్షమంది ముందట తీర్పు చెప్పిన. గందుకు జవాబు చెప్పిండు. నువ్వు అడగనే లేదంట గద.”

“ఏం చెప్పిండు?”

“ఆయన్నే అడుగు.”

“చెప్పు అక్కా.”

“చెప్ప. నీ పుస్తకంల ఆయన మాట నా నోట్లకెల్లి రావొద్దు. ఇప్పటికే ఒకసారి నా నోరు మీ ఇంట్ల దూరింది.”

ఆ అమ్మాయి లేచి, చెరుకురసానికి తన వంతు డబ్బులు బండివాడి చేతిలో పెట్టి, మాతో చెప్పకుండా ల్యాబులోకి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సరిత, “చెప్పేదుండెనేమో టీచరమ్మా,” అంది.

ఆ తర్వాత అయిదు వారాలు ఏ కబురూ లేదు. సరిత పనికి వెళ్లింది, వచ్చింది. పేజీలో కొత్తది ఏమీ పెట్టలేదు. కొండమ్మ వ్యానులో ఊరుకోలేక, “ఒక పిల్ల అలిగితే లోకం ఆగుతదా? జర ఏదన్న చెప్పరాదు, కడుపుబ్బరం తగ్గుతది,” అంది. సరిత చదువుతున్న పుస్తకం ఆమె ఒడిలో పెట్టి, “నువ్వే సదువుకో,” అంది. కొండమ్మ ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, అట్ట విప్పి, లోపలి అబ్బాయి బొమ్మను చూసి, “వీడు గూడ మోసగాడే. కండ్లు చూడు,” అని తిరిగి ఇచ్చేసింది.

డిసెంబరు మొదటి వారంలో ప్రియదర్శిని ఫోను చేసింది. ఏం జరిగిందో కొంచెమే చెప్పింది. ఒక ఆదివారం నాన్నతో క్యాబులో ముందు సీట్లో కూర్చుని చేను ఉన్న చోటికి వెళ్లింది. ఇప్పుడక్కడ నంబర్లు రాసిన రాళ్లు ఉన్నాయి. మొగులయ్య దిగి, ఎడ్లబండి ఎటునుంచి వచ్చేదో, ఏ కడీ ఎక్కడ పాతారో నడిచి చూపించాడు. ఆమె వేరే ఏమీ అడగనవసరం లేకపోయింది. ఇంటికి వచ్చాక రెండో భాగంలో తొంభై పేజీలు తీసేసింది. మళ్లీ రాస్తోంది.

“అక్కా, నువ్వు ఇప్పుడు చెప్పొచ్చు,” అందట చివర్లో. “బాట ముచ్చట మాత్రం చెప్పొద్దు. అది పుస్తకంల ఉంటది.”

సరిత ఆ ఆదివారం రికార్డు చేసింది. చాప మీద ఒకటే పుస్తకం. మెట్ల మీంచి నేను విన్నాను. “‘తొమ్మిదో గేటు’ మీద నేను ఒక మాట తప్పు చెప్పిన. ఒక నాయిన ఒక్క పూటల కూడ వేలిముద్ర ఏస్తడు. మా తాతను చూసి అందరు తాతలు గిట్లనే ఉంటరనుకున్న. ఎందుకు ఏసిండో మొదటి భాగంల లేదు. అది పుస్తకంల లోటు, అది అనొచ్చు. రాసినామె ఊరు చూడలేదన్న, గది నా తప్పు. ఆమెకు నాకంటే ఎక్కువ తెలుసు.” నిమిషమున్నరలో అయిపోయింది.

దీన్ని పద్దెనిమిది వందల మంది విన్నారు. పాతది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, లక్షా నలభై వేలు దాటింది. సరిత పాతదాని కింద కొత్తదాన్ని చూడమని ఒక వాక్యం రాసిపెట్టింది. చూసేవాళ్లు తక్కువే. “గంతే ఉంటది,” అంది.

రెండో భాగం ఈ ఏడాది జూన్‌లో అచ్చయింది, అయిదు వందల కాపీలు. అందులో మైసక్క తండ్రి పన్నెండు పేజీలు మాట్లాడతాడు. మొగులయ్య ఒక కాపీని కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని తిరుగుతున్నాడని కొండమ్మ చూసి వచ్చి చెప్పింది.

ప్రియదర్శిని ఇప్పుడు మూడో భాగం రాస్తోంది. రాసిన ప్రతి అధ్యాయం ముందు సరితకు పంపుతుంది. మంగళవారాలు సరిత రాజేంద్రనగర్ వెళ్తుంది, ఇద్దరూ వాదించుకుంటారు. కాపలా కుర్రాడు కంచం కడగాలా వద్దా అన్న దగ్గర పోయిన నెల రెండు వారాలు ఆగిపోయారు. ఇలా రాసేటప్పుడే తాను చూస్తోంది కనుక ‘తొమ్మిదో గేటు’ మూడు భాగాల గురించి తన పేజీలో ఇక ఎప్పటికీ చెప్పనని సరిత ప్రియదర్శినితో అంది. ఆ పేజీలో ఇప్పటికి అరవై రెండు నవలల మీద ఆమె అభిప్రాయం ఉంది. మొదటి భాగం మీద అన్న ఆ రెండు మాటలు తప్ప, ఈ నవల వాటిలో ఉండదు.